మెషిన్ మాట్లాడకూడదు

మొన్న మా అమ్మాయి స్కూల్ నుంచి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతూ వచ్చింది. బ్రెడ్ మీద జామ్ ఎలా రాయాలో చెప్పమని వాళ్ళ టీచర్ పిల్లల్ని అడిగిందట. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, చెప్పినంతే చేసిందట. "జామ్ తీసుకోండి" అంటే సీసా ఎత్తి చంకలో పెట్టుకుందట. "బ్రెడ్ మీద పెట్టండి" అంటే మూత తియ్యకుండానే సీసాని బ్రెడ్ మీద నిలబెట్టిందట. కంప్యూటర్ ఎలా ఉంటుందో నేర్పడానికి ఈ ఆట. నేనూ నవ్వాను కానీ సగంలో ఆగిపోయాను. ఆ ఆట నాకు తెలుసు. చిన్నప్పుడు కొన్ని నెలలపాటు అందులో మెషిన్‌ని నేనే.

అప్పట్లో మేం టెక్సస్‌లో, ఇర్వింగ్ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళం. మెట్లెక్కుతుంటే ఎవరింట్లో ఏం పోపు పడుతోందో తలుపు కొట్టకుండానే తెలిసిపోయేది. ఆ చలికాలంలో నాన్న పోయాడు. ఆఫీసులో, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే. గుండె అన్నారు. ఇల్లంతా ఆంటీలు, అంకుల్స్, రేకు ట్రేలలో పులిహోర, పెరుగన్నం. "పిల్ల ఏడవట్లేదు చూశారా" అని ఒక ఆంటీ వంటింట్లో గుసగుసలాడింది. నిజమే, ఏడవలేదు. రాలేదు. చెయ్యి కింద పెట్టుకుని నిద్రపోయి లేస్తే ఆ చెయ్యి మనది కానట్టు ఉంటుంది చూడండి, నాకు ఒళ్ళంతా అలా ఉండేది. అమ్మ కూడా నా ఎదుట కంట తడి పెట్టలేదు.

అమ్మ లాస్ కొలినాస్‌లో ఒక ఆఫీసులో కాంట్రాక్ట్ మీద ప్రోగ్రామర్. ఉద్యోగం ఉంటే వీసా, వీసా ఉంటే మేం. కార్యాలు కాగానే మళ్ళీ ఆఫీసుకి వెళ్ళిపోయింది. పొద్దున్నే వెళ్ళాలి, సాయంత్రానికి గానీ రాదు. నన్ను స్కూల్‌కి దింపేదెవరు, తెచ్చేదెవరు? ఇండియన్ స్టోర్‌లో అమ్మ ఈ గోడే ఎవరితోనో ఫోన్‌లో చెప్పుకుంటుంటే, పక్కన కరివేపాకు ఏరుకుంటున్న ఒక పెద్దావిడ తల తిప్పింది.

"మిమ్మల్ని చూస్తుంటాను, మీ అపార్ట్‌మెంట్ల వెనక వీధే మా ఇల్లు. నేను దింపుతాలేమ్మా, నేనే తెస్తాను. నాకూ కాలక్షేపం" అంది.

అమ్మ ఆవిడని ఆంటీ అంది. నేను మామ్మగారూ అన్నాను. ఆవిడ పడవంత కారు వేసుకుని, నేత చీర మీద స్వెటర్ తొడుక్కుని, కాళ్ళకి తెల్ల స్నీకర్స్‌తో స్కూల్‌కి వచ్చేది. దగ్గరికెళితే నీలగిరి తైలం, కాఫీ డికాక్షన్ కలిసిన వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఆ రెండు వాసనలూ కలిస్తే నేను కారు సీటు బెల్టు కోసం తడుముకుంటాను.

మొదటి రోజు ఆవిడ నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. "నీకేం ఆటలొచ్చే?"

"ఏం రావు."

"మంచిదే. మెషిన్‌కీ ఏం రాదు. దా, కూర్చో."

మామ్మగారిది బందరు దగ్గర పల్లె. వాల్తేరులో లెక్కలు చదువుకుని, పెళ్ళయ్యాక భర్తతో ఈ దేశం వచ్చింది. ఆయన ఫిజిక్స్ ప్రొఫెసరు, నేను ఎరిగేనాటికే పోయారు. వచ్చిన కొత్తలో తూర్పు తీరంలో ఒక లాబ్‌లో ఈవిడకి ఉద్యోగం దొరికింది. తుఫాను పుడితే సముద్రం ఎంత లోపలికి వస్తుందో లెక్కగట్టడం అక్కడి పని. సమీకరణాలు రాసేది మగవాళ్ళు. వాటిని మెషిన్ భాషలోకి దించి, అట్టకార్డుల మీద చిల్లులు పొడిచి ఇచ్చేది ఆడవాళ్ళు. అది టైపు కొట్టడం లాంటిదేననుకుని ఆడవాళ్ళకి అప్పజెప్పారట. "వాళ్ళలా అనుకోబట్టేగా నాకు ఉద్యోగం వచ్చింది, నేనెందుకు కాదంటాను?" అనేది మామ్మగారు. లాబ్ వేసిన రిపోర్టుల మీద పేర్లు మాత్రం సమీకరణాల వాళ్ళవే. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో కోపం ఉండేది కాదు. ఎండ ఎక్కువగా ఉందన్నట్టు చెప్పేది.

"మెషిన్ గది ఫ్రిజ్‌లా ఉండేదే. చీర మీద స్వెటర్ వేసుకుని, కొంగు బొడ్లో దోపుకుని వెళ్ళేదాన్ని. ఓ రోజు కార్డులు లాక్కునే మెషిన్ నా కొంగు లాక్కుంది. మర్నాటినుంచీ ప్యాంటే."

"మీరు ప్యాంటు వేసుకున్నారా?"

"నేనెక్కడ వేసుకున్నాను, అది వేయించింది."

కార్డుల కట్ట సాయంత్రం ఇచ్చి వెళితే మర్నాడు పొద్దున్నకి జవాబు వచ్చేదట. ఒక్క కామా తప్పిందా, రోజంతా గంగలో కలిసినట్టే. అందుకని ఇచ్చే ముందు ఇద్దరు ఆడవాళ్ళు ఎదురుబదురుగా కూర్చునేవారు. ఒకరు కార్డులు చదవాలి, ఇంకొకరు మెషిన్ కావాలి. చదివింది చదివినట్టు కాగితం మీద చేసుకుంటూ పోవాలి. మెషిన్ అయినవాళ్ళు సాయం చెయ్యకూడదు, ఊహించకూడదు, మాట్లాడకూడదు. ఆవిడకి జోడీ ఒక పొడుగాటి నల్లావిడ. మెషిన్ కావడంలో ఆవిడ్ని మించినవాళ్ళు లేరట. "ముక్కు మీద ఈగ వాలినా కదిలేది కాదే" అని మెచ్చుకునేది మామ్మగారు. మధ్యాహ్నం ఇద్దరూ డబ్బాలు మార్చుకునేవారు. ఆవిడ మొక్కజొన్న రొట్టెలో మామ్మగారి ఆవకాయ నంజుకుని, కళ్ళు తుడుచుకుంటూ, ఇంకొంచెం వెయ్యమనేదట.

జవాబు తప్పొస్తే పక్క గదుల్లోని పెద్దమనుషులు "మెషిన్ ఏదో చేసింది" అనేవారట.

"మాకా మాట లేదే. మెషిన్ తప్పు చెయ్యదు. తప్పుంటే మనం ఇచ్చిన కార్డుల్లోనే ఉంటుంది. వెతుక్కోవాలి" అనేది.

సాయంత్రం నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన అమ్మ కాఫీ తాగుతూ ఇవన్నీ వినేది. "ఇప్పుడా బాధ లేదాంటీ. తప్పుంటే కంప్యూటరే ఎర్రగీత పెట్టి చూపించేస్తుంది."

"చూపిస్తే నువ్వు వెతకవు" అనేది మామ్మగారు.

వాడని కార్డులు పెట్టెల నిండా ఆ ఇంట్లో ఉండేవి. కాఫీ గ్లాసు కింద ఒకటి, కుంటి బల్ల కాలు కింద మడిచి ఒకటి, గిన్నెకంటిన ఇడ్లీపిండి గీకడానికి ఒకటి. నా పుస్తకాల్లో గుర్తులు కూడా అవే. 

ఆట వంటింట్లో మొదలైంది. ఆవిడ చెప్పాలి, నేను చెయ్యాలి. "ఉల్లిపాయ మూకుట్లో వెయ్యి" అంది. తొక్కతో సహా, తరగకుండా వేశాను. నూనె చిందింది. తిడుతుందేమో అనుకున్నాను. ఆవిడ నడుం పట్టుకుని నవ్వింది. "కరెక్ట్. తొక్క తియ్యమని నేను చెప్పలేదు. తప్పు నాది." ఏ అల్లరి చేసినా తప్పు నాది కాని ఇల్లు ప్రపంచంలో అదొక్కటే. ఆ వసంతంలో పంచదార వెయ్యమంటే డబ్బా బోర్లించాను, కుళాయి తిప్పమని కట్టమనకపోతే సింకు పొంగించాను. తిట్లు లేవు. మెషిన్‌గా ఉండటం నాకు హాయిగా ఉండేది. దానికి చనిపోయేవాళ్ళు ఎవరూ ఉండరు. దాన్ని ఎవరూ "బాధగా ఉందా తల్లీ" అని అడగరు.

పొద్దున్న అమ్మ నన్ను వాళ్ళింట్లో వదిలి వెళ్ళాక, కారు తీసే ముందు కూడా ఆవిడ ఈ పరీక్ష మానేది కాదు. ఏళ్ళ తరబడి నడిపిన దారి అయినా సరే. హాల్లో కార్పెట్ మీద కార్డులు వరసగా పరిచి రోడ్లు వేసేవాళ్ళం. స్టీలు మూతలు సిగ్నల్స్, పోపులడబ్బా ఇండియన్ స్టోర్, పంచదార డబ్బా మా స్కూల్. కారు, వెండి కుంకుమభరిణె. మా ఇద్దరిళ్ళలోనూ ఇప్పుడు దానితో పని ఎవరికీ లేదు. ఆవిడ సోఫాలో కళ్ళు మూసుకుని కూర్చుని "రివర్స్. రైట్. స్టాప్ సైన్, ఆగు. పెద్ద సిగ్నల్, లెఫ్ట్" అని చెబుతుంటే నేను మోకాళ్ళ మీద పాకుతూ భరిణెని జరిపేదాన్ని. స్కూల్ చేరాక "సరే, పద" అని తాళాలు తీసుకునేది.

ఎండలు ముదిరాక మినపవడియాలు పెట్టాం. టెక్సస్ ఎండకి కారు బానెట్‌ని మించిన డాబా ఏముంది? దాని మీద పాత చీర పరిచి పెట్టేది. సగం ఎండిన వడియాలు ఇంగువ వాసనతో నోట్లో మెత్తగా కరిగేవి, ఆవిడ అటు తిరగ్గానే నేను వరస చివరివి ఎత్తుకుపోయేదాన్ని. ఒకరోజు పొద్దున్న వడియాలు బానెట్ మీద ఉండగానే స్కూల్‌కి బయల్దేరాం. వీధి మలుపు తిరగ్గానే చీర లేచి అద్దానికి అతుక్కుంది. వడియాలు ఎవరి లాన్ మీద పడాల్సినవి వాళ్ళ లాన్ మీద పడ్డాయి. నేను పడీపడీ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. కారు పక్కకి తీసి చాలాసేపు స్టీరింగ్ వైపు చూస్తూ కూర్చుంది.

తర్వాత సిగ్నల్ సంగతి. పెద్ద సిగ్నల్ దగ్గర స్కూల్‌కి ఎడమవైపు తిరగాలి. ఓ రోజు ఆవిడ నేరుగా పోబోయింది. "లెఫ్ట్, మామ్మగారూ" అన్నాను. "తెలుసే" అంది. మర్నాడు సిగ్నల్ రాకముందే అన్నాను. "తెలుసే" అంది. అలా రోజూ అనడం అలవాటైంది. కారులో నేను మెషిన్‌ని కాను కాబట్టి మాట్లాడొచ్చు. కొన్నాళ్ళకి ఆవిడ "తెలుసే" అనడం మానేసింది. మధ్యాహ్నం ఒక్కతే రావాలి కదా, ఒక్కోరోజు పిల్లలందరూ వెళ్ళిపోయాక గానీ ఆ కారు కనిపించేది కాదు.

ఇంకో వాయి వడియాలు పెట్టిన రోజు, "పిట్టలొస్తాయి, పిలిచేదాకా ఇక్కడే నిలబడు, కదలకు" అని నన్ను గరాజ్ ముందు నిలబెట్టి లోపలికి వెళ్ళింది. పిలవలేదు. నేను కదల్లేదు. సిమెంట్ వేడి చెప్పుల్లోంచి పాకింది. మెడ మీద చెమట కారి ఆరిపోయి ఉప్పు కట్టింది. నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. మెషిన్ ఎదురుచూడదు, ఊరికే ఉంటుంది. చివరికి పక్కింటి అమెరికన్ ఆవిడ మొక్కలకి నీళ్ళు పోస్తూ నా మొహం చూసి, చెయ్యి పట్టుకుని తలుపు కొట్టింది.

మామ్మగారు తలుపు తీసి నన్ను చూసి, "స్కూల్ అయిపోయిందా? ఎలా వచ్చావే?" అంది.

గంటక్రితం ఆవిడే తీసుకొచ్చింది. నేను ఆ మాట అనలేదు. కాసేపటికి ఆవిడకే తట్టింది. మజ్జిగ కలిపి నాకిచ్చింది. అమ్మకి చెప్పొద్దని అడగలేదు. నేనూ చెప్పలేదు.

మామ్మగారి కొడుకు పడమటి తీరంలో, ఫ్రీమాంట్‌లో ఉండేవాడు, ఇక్కడే పుట్టి పెరిగినవాడు. పక్కింటావిడ ఆయనకి ఫోన్ చేసింది. ఆ లోగా మామ్మగారు మెయిల్‌బాక్స్‌ని కారుతో గుద్ది పడేసింది కూడా. శనివారం ఆయన విమానంలో వచ్చాడు. మేం వెళ్ళేసరికి అమ్మాకొడుకులు హాల్లో ఉన్నారు.

"అమ్మా, నేను నిన్ను తీస్కెళ్ళడానికి వచ్చాను. రూమ్ రెడీ ఉంది. నువ్వు అక్కడ ఏమీ చెయ్యొద్దు."

"అదేరా నా భయం."

"నువ్వు ఇంక డ్రైవ్ చేస్తే సేఫ్ కాదు. నాకు నిద్ర లేదు."

ఆయన మంచివాడు. వచ్చీ రాని తెలుగులో అమ్మని ఒప్పించాలని అంత దూరం వచ్చినవాడు చెడ్డవాడెలా అవుతాడు? మా అమ్మ మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయింది. ఈ కారు ఆగిపోతే తన ఉద్యోగం ఏమవుతుందో ఆమె మొహంలో కనిపిస్తోంది.

"మెయిల్‌బాక్స్ పోతే ఇంకోటి పెడతాం" అంది మామ్మగారు. "దారి మర్చిపోతున్నానా లేదా అన్నదే కదా నీ ప్రశ్న? ఇక్కడే తేల్చేద్దాం. స్కూల్‌దాకా సరిగ్గా చెప్పానా, నువ్వొక్కడివే విమానం ఎక్కుతావు. తప్పానా, తాళాలు నీవి, నేనూ నీతో వస్తాను."

కార్డులు పరిచాం. మూతలు పెట్టాం. ఆయన సోఫా ఒక చివర కాఫీ గ్లాసుతో కూర్చున్నాడు, రెండో చివర మామ్మగారు కళ్ళు మూసుకుంది. నేను భరిణె పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"రివర్స్. చూసుకుంటూ. రైట్." గొంతు గట్టిగా ఉంది. "స్టాప్ సైన్, ఆగు. కదులు. లైబ్రరీ దాటు. స్పీడ్ తగ్గించు, అక్కడ బంప్ ఉంది." అమ్మ పెదాలు కదులుతున్నాయి, తనూ ఆ దారి వల్లెవేస్తున్నట్టు. "పెద్ద సిగ్నల్. గ్రీన్."

అక్కడ ఆగింది.

"నేరుగా పోనీ" అంది.

నేను తలెత్తాను. ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. ఫ్రీమాంట్ ఆయనకి ఇర్వింగ్ రోడ్లు తెలియవు, గ్లాసులోకి చూసుకుంటున్నాడు. అమ్మ నన్నే చూస్తోంది. తలని ఎడమవైపుకి, కనిపించీ కనిపించకుండా, వంచింది. భరిణెని ఓ బెత్తెడు పక్కకి జరిపితే చాలు. పంచదార డబ్బా అక్కడే ఉంది. ఎవరికీ తెలియదు.

నేను నేరుగా పోనిచ్చాను. కార్డులు అయిపోయాయి. భరిణె కార్పెట్ మీదికి దిగింది, సోఫా దాకా పోయింది.

"స్కూల్. ఆగు" అంది మామ్మగారు. కళ్ళు తెరిచింది.

భరిణె కొడుకు కాలి బొటనవేలికి ఆనుకుని ఉంది.

"ఇట్స్ ఓకే అమ్మా" అన్నాడాయన మెల్లగా. "అందరూ మర్చిపోతారు."

అమ్మ గబగబా ముందుకొచ్చింది. "పిల్ల సరిగ్గా వినలేదేమో ఆంటీ. దానికి లెఫ్టూ రైటూ ఇంకా సరిగ్గా రావు. మళ్ళీ ఒకసారి..."

మామ్మగారికి ఆ దారి తెరిచే ఉంది. ఊఁ అంటే చాలు. ఆవిడ అమ్మవైపు చూసింది, నావైపు చూసింది.

"లేదమ్మా. మెషిన్ తప్పు చెయ్యలేదు. తిప్పమని నేను చెప్పలేదు."

లేచి, గోడకున్న మేకు నుంచి తాళాలు తీసి కొడుకు చేతిలో పెట్టింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. కాఫీ చల్లారిపోయిందని ఆవిడ ఆయన గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

నేను మూతలు పట్టుకుని వెనకే వెళ్ళాను. డికాక్షన్ వేడిచేస్తూ, తిరక్కుండానే అడిగింది. "కారులో రోజూ చెప్పేదానివి. ఇవాళ చెప్పలేదే?"

"మెషిన్ మాట్లాడకూడదు కదా."

"అవును. మంచి మెషిన్‌వి. మా పొడుగావిడ కూడా ఇంతకంటే బాగా చెయ్యలేదు." స్టవ్ ఆపింది. "కార్డుల కట్టలో ఆఖరి కార్డు ఏంటో నీకు చెప్పానా?"

"లేదు."

"ఆగిపో అని చెప్పే కార్డు. అది పెట్టకపోతే మెషిన్‌కి తెలీదు, అయిపోయిందని. నీకది నేను పెట్టనే లేదు." తడిచేత్తో నా తల నిమిరింది. "ఆట అయిపోయిందే. ఇంక నువ్వు మెషిన్‌వి కాదు."

ఏదో అవుతుందని ఎదురుచూశాను. ఏమీ కాలేదు. "మరి ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాను.

"అది నేను చెప్పకూడదు" అంది.

ఆదివారం వాళ్ళు వెళ్ళిపోయారు. కార్డుల పెట్టెలు ఏమయ్యాయో తెలియదు, ఇల్లు ఖాళీ చేయించినప్పుడు రీసైకిల్‌లో పోయి ఉంటాయి. ఫ్రీమాంట్ నుంచి కొన్నాళ్ళు ఫోన్లు చేసేది. "ఇక్కడ అన్నీ వాళ్ళే చేసేస్తున్నారే, నాకు చెప్పడానికి ఏం లేదు" అనేది. తర్వాత తర్వాత నేను ఎవరో చెప్పుకోవాల్సి వచ్చేది. ఆ తర్వాత చెప్పుకున్నా ఉపయోగం లేకపోయింది. ఆవిడ కట్టిన తుఫాను లెక్కలు ఏ తీరాన ఎవరిని కాపాడాయో, అసలు కాపాడాయో లేదో, నాకు తెలియదు. అడగాలని తోచేసరికి అడగడానికి ఆవిడ లేదు. నేను ఈ వృత్తిలోకే వచ్చాను. ఆఫీసులో ఎవరైనా "సిస్టమ్ తప్పు చూపిస్తోంది" అంటే నాకు తెలియకుండానే నా చెయ్యి ముందు నేను రాసిన దాని మీదికి పోతుంది.

వాళ్ళు వెళ్ళిన మర్నాడు, సోమవారం, అమ్మ బాస్‌తో మాట్లాడుకుని, తనే నన్ను స్కూల్‌కి తీసుకెళ్ళింది. లైబ్రరీ దాటాం. బంప్ దాటాం. పెద్ద సిగ్నల్ కనిపించింది. అలవాటుగా "లెఫ్ట్" అనబోయాను. అమ్మ అప్పటికే ఇండికేటర్ వేసింది. ఎవరూ చెప్పకుండానే, రేడియో వింటూ, ఎడమవైపుకి తిరిగింది. ఆ మాట నా నోట్లోనే ఉండిపోయింది. ఇక దానితో ఎవరికీ పని లేదు. అప్పుడు లోపలినుంచి ఒక చప్పుడు వచ్చింది. అది నాదని తెలియడానికి కొంచెంసేపు పట్టింది.

"నాన్న" అన్నాను. మామ్మగారి గురించి ఏడుస్తున్నాననుకున్నాను, నోట్లోంచి వచ్చింది మాత్రం ఆ మాట. "నాన్న, నాన్న" అంటూనే ఉన్నాను.

అమ్మ పక్కనున్న గ్యాస్ స్టేషన్‌లోకి కారు తిప్పింది. ఇంజన్ ఆపింది. బెల్టు తీసుకుని, దిగి, వెనక సీట్లోకి వచ్చి తలుపేసుకుంది. నన్ను ఊరుకోమనలేదు. నా మెడ దగ్గర తల పెట్టి తనూ గట్టిగా, ముక్కు చీదుకుంటూ, చిన్నపిల్లలా ఏడ్చింది. ఆమె ఏడుపు నేను వినడం అదే మొదలు. ముందు సీట్లో ఆమె ఫోన్ మోగి ఆగిపోయింది, మళ్ళీ మోగింది. ఆ రోజు అమ్మ ఆఫీసుకి వెళ్ళలేదు.